వంక లేని ఇల్లు

కళ్ళజోళ్ళ దుకాణం నడిపే ఆయనకు అత్తగారింట్లో పెట్టిన పేరు భూతద్దం. ఎదుటివాళ్ళ చొక్కా మీది దారప్పోగు దగ్గర్నుంచి మాటలో తేడా దాకా ఏదీ ఆయన కంటపడకుండా పోదు. పడ్డాక ఆయన ఊరుకోడు. పెళ్ళయిన కొత్తలో ఈ చూపును అందరూ తెలివితేటల కింద జమకట్టారు. "మా పెద్దల్లుడు ఒక్కసారి చూస్తే చాలు, సరుకు నిగ్గు తేలిపోతుంది" అని అత్తగారు పదిమందిలో చెప్పుకుని మురిసిపోయేది. కుర్చీ కొన్నా, గడియారం కొన్నా ముందు ఆయనకే కబురు వెళ్ళేది. ఆ వైభవం మరదలికి పెళ్ళయ్యేదాకా సాగింది.

మరదలు చేసుకున్నవాడిది బేకరీ. గుండ్రటి మొహం, మెత్తటి మాట, మోచేతుల దాకా ఎప్పుడూ అంటుకునుండే పిండి. అందరూ అతన్ని బన్ను అనేవాళ్ళు, అతనూ హాయిగా పలికేవాడు. కుటుంబంలోకి వచ్చిన కొన్నాళ్ళకే అత్తగారి మోకాళ్ళ నొప్పికి మంచి డాక్టరు ఎవరో కనుక్కున్నాడు. ఆవిడ వంటింట్లో కారుతున్న కుళాయి తనే బాగుచేశాడు. ఒకరోజు భోజనాల దగ్గర పెద్దల్లుడు ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. కావాలని కాదు, ఖాళీగా ఉందని. భూతద్దానికి ఒళ్ళు మండింది అందుకే. కావాలని చేసినవాడితోనైతే పోట్లాడొచ్చు. తెలియక చేసినవాడిని ఏమంటాం?

అప్పటినుంచి బన్ను ఏం చేసినా ఆయనకు కంటగింపే. బేకరీ ముందు జనం బారులు తీరితే, దుకాణంలో ఒక్కడే కూర్చుని అద్దాలు తుడుచుకుంటున్న తను గుర్తొచ్చేవాడు. ఏళ్ళ తరబడి కళ్ళకు సంబంధించిన పనిలోనే ఉన్నా, కన్ను కుట్టడమంటే ఏమిటో ఆయనకు తెలిసింది తోడల్లుడు వచ్చాకే.

మరదలు కడుపుతో ఉందన్న కబురు తెలిసినప్పుడు ఆయన నిజంగానే సంతోషించాడు. ఆ వెంటనే రెండో కబురు వచ్చింది. బేకరీ వెనక కాపురముంటున్న గదుల్లో పొయ్యి వేడి, పిండి దుమ్ము పసిబిడ్డకు మంచివి కావని వాళ్ళు ఇల్లు కొంటున్నారట. మేడ, తోట, అన్నీ ఉన్న ఇల్లట. మొదటి సంతోషం అక్కడికక్కడే ఆవిరైపోయింది. తను మాత్రం పెళ్ళైన దగ్గర్నుంచి అద్దె ఇంట్లోనే ఉన్నాడు. కూతురికి విడిగా గది లేక, హాల్లో పరదా కట్టి పడుకోబెడుతున్నారు.

"అందరం కలిసి చూసొద్దాం అన్నయ్యా, మీరు తప్పకుండా రావాలి" అని బన్ను ఫోన్ చేశాడు. రానని ఎలా అంటాడు?

ఇల్లు వీధి చివర ఉంది. వెనక సన్నటి కాలువ, దానికి అడ్డంగా పచ్చటి కంచె. ముందు గదికి నిలువెత్తు కిటికీలు. బ్రోకరు తలుపులన్నీ బార్లా తెరిచిపెట్టాడు. అత్తగారు గది గదికీ తిరుగుతూ "ఎంత వెలుతురో!" అంటోంది. మరదలు తోట చూసి చప్పట్లు కొట్టింది. అవన్నీ భూతద్దం తట్టుకున్నాడు. కానీ భార్య కిటికీ గట్టు మీద చెయ్యి వేసి, ఎవరితోనూ కాకుండా, "ఇక్కడ కూర్చుని ఏదన్నా చదువుకుంటే ఎంత బాగుంటుందో" అంది. ఆ మాట తట్టుకోలేకపోయాడు. ఇన్నేళ్ళలో ఆవిడ తననెప్పుడూ ఇలాంటిది అడగలేదు. అడగకుండా ఉండటానికి ఎంత మింగుకుందో ఆ ఒక్క మాటలో తెలిసిపోయింది.

ఆయన కళ్ళజోడు తీసి, శుభ్రంగా తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఇంత మంచి ఇల్లు బ్రోకరు చెప్పినంత చౌకగా ఎందుకిస్తున్నారు? ఎక్కడో ఏదో ఉండాలి. ఉండి తీరాలి.

కింది గదుల్లో ప్లగ్ పాయింట్లన్నీ తన ఛాతీ ఎత్తులో ఉన్నాయి. మేడెక్కి చూశాడు. అక్కడ మామూలుగానే నేలకు జానెడెత్తులో ఉన్నాయి. మళ్ళీ కిందికి దిగి గోడ దగ్గర వంగాడు. సగం గోడ దాకా రంగు కొత్తది, ఆ పైన పాతది. రెండూ తెలుపే గానీ, వెలుతురుకు అడ్డంగా నిలబడి చూస్తే గీత గీసినట్టు తేడా కనపడుతోంది. కొత్త రంగు మీద వేలితో కొడితే డొల్లగా మోగింది.

"ప్లగ్గులు ఇంత ఎత్తున పెట్టారేం?" అని బ్రోకర్ని అడిగాడు.

"పిల్లలు వేళ్ళు పెట్టకుండా సార్."

"ఎంత ముందుచూపో చూశారా!" అని మరదలు పొంగిపోయింది.

భూతద్దం వీధిలోకి నడిచాడు. పక్కింటి గుమ్మానికి రెండు వైపులా ఇనుప గాడులు బిగించి ఉన్నాయి. ఆ ఎదురింటికీ అంతే. పక్కింటావిడ వాకిట్లో స్కూటర్ కడుక్కుంటోంది.

"ఇవి ఎందుకండీ?" అని అడిగాడు.

"పలకలు దించుకోడానికండీ. వానలప్పుడు."

"నీళ్ళొస్తాయా?"

"ఏటా రావు లెండి. ఈ మధ్యే కాస్త ఎక్కువైంది. ఎగువన అంతా కాంక్రీటు పోసేశారు, వానలేమో ఒక్కసారే కుమ్మరిస్తున్నాయి, నీళ్ళు ఇంకడానికి చోటేదీ? అన్నీ ఈ కాలువలోకే."

"ఎంత ఎత్తు వస్తాయి?"

ఆవిడ తడిచెయ్యి నడుము మీద పెట్టి చూపించింది. ఆయన దణ్ణం పెట్టినంత పనిచేశాడు.

దుకాణానికి వెళ్ళాక కంప్యూటర్ తెరిచి, నగరపాలక సంస్థ అందరి కోసం పెట్టిన వరద పటం వెతికాడు. ఇలాంటిదొకటి ఉంటుందని కూడా అంతకుముందు ఆయనకు తెలియదు. అందులో ఆ వీధి మొత్తం ముదురు నీలం. నీళ్ళు చేరే చోట్లలో అన్నిటికన్నా ముదురు రంగు అదే. ఆ నీలం చూసేసరికి ఆయన ప్రాణం లేచొచ్చింది. ఆ పూట కళ్ళజోడు కొన్న వాళ్ళందరికీ పెట్టెలు ఊరికే ఇచ్చేశాడు.

వెంటనే ఫోన్ చేసి ఆ సంగతి చెప్పొచ్చు. చెప్పలేదు. ఆదివారం అత్తగారింట్లో భోజనాలున్నాయి. అప్పటిదాకా ఆగాడు. వెళ్ళాక కూడా తొందరపడలేదు. అందరూ ఇంటి గురించి చెప్పుకున్నంతసేపు చెప్పుకోనిచ్చి, తోటలో ఏం మొక్కలు వెయ్యాలో మరదలు వివరించడం పూర్తయ్యేదాకా ఉండి, అప్పుడు జేబులోంచి కాగితం మీద అచ్చు తీసుకున్న పటం తీసి బల్ల మీద పరిచాడు.

"ఏమనుకోకండి. మీ మంచికోరి చెబుతున్నా. మీ తోటలో చేపలు పెంచుకోవచ్చు" అన్నాడు.

ప్లగ్గుల సంగతి, రంగుల సంగతి, గాడుల సంగతి ఒక్కొక్కటే విప్పి చెప్పాడు. చెబుతుంటే గొంతు దానంతటదే హుషారెక్కింది. బన్ను పటం మీదికి వంగి తమ వీధి కోసం వెతుక్కున్నాడు. మరదలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మేం బాగుపడటం మీకు ఇష్టం లేదు కదూ బావా?"

"నేను చెప్పింది అబద్ధమైతే అను."

"నిజమే కావచ్చు. చెప్పేటప్పుడు మీ మొహం చూసుకోవాల్సింది. వెలిగిపోతోంది."

అత్తగారు గిన్నెలు సర్దుతూ "శుభమా అని ఇల్లు కొనుక్కుంటుంటే..." అని సగంలో ఆపేసింది. ఇంటికి చేరాక మెట్లెక్కుతూ భార్య అంది: "మీరు చెప్పిందాంట్లో తప్పులేదు. కానీ మొన్ననే తెలిసింది కదా. మొన్ననే ఎందుకు చెప్పలేదు?"

ఆయన తాళంచెవి కోసం జేబులన్నీ వెతుక్కున్నాడు. అది చేతిలోనే ఉంది.

ఆ వారంలో బన్ను దుకాణానికి వచ్చాడు. దెబ్బలాటకే వచ్చాడనుకుని భూతద్దం బల్ల వెనక బిగుసుకు కూర్చున్నాడు. బన్ను ముక్కాలిపీట లాక్కుని కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నేనే వెళ్ళి ఆ వీధిలో అడిగొచ్చానన్నయ్యా. మీరు చెప్పింది అక్షరాలా నిజం. ఆ ఇల్లు వద్దనుకున్నాం. మీరు చూడకపోతే మునిగిపోయేవాళ్ళం, ఉత్త మాటకు అనటం లేదు."

భూతద్దం చేతిలోని అద్దం మళ్ళీ తుడిచాడు.

"మా వాళ్ళంతా నా మీద ప్రేమతో చూశారు. అందుకే వాళ్ళకి అన్నీ బాగున్నట్టే అనిపించాయి. మీరేమో..." అని కాసేపు మాట కోసం వెతుక్కుని, "మీరు గట్టిగా చూస్తారు" అన్నాడు. "ఇకమీదట ఏ ఇల్లు చూసినా మీతోనే చూస్తాను. వస్తారా?"

అతను తనలోని కుళ్ళు కనిపెట్టే ఆ మాట అన్నాడా, కనిపెట్టక అన్నాడా అన్నది భూతద్దానికి అంతుపట్టలేదు. కానీ చేజారిన కుర్చీ ఎవరో తెచ్చి మళ్ళీ తన కింద వేసినట్టనిపించింది. "వస్తాలే" అన్నాడు.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి తిరగని పేట లేదు. భూతద్దం ఈ పనిలో ఆరితేరిపోయాడు. పొద్దుటిపూట చల్లగా ఉందని బ్రోకర్లు మెచ్చుకునే ఇంటికి మిట్టమధ్యాహ్నం వెళ్ళేవాడు. ఒక పై అంతస్తు ఇంట్లో రేకుల కప్పు కింద నిలబడేసరికి ఇద్దరి చొక్కాలూ తడిసిపోయాయి. వీధంతా వెతికినా ఒక్క చెట్టు లేదు. "పసిబిడ్డను ఇక్కడ పెంచక్కర్లేదు, నీ పొయ్యిలోనే పెట్టుకోవచ్చు" అన్నాడు భూతద్దం. రంగుల కార్ఖానాకు దగ్గర్లో ఉన్న ఇంకో ఇంటికి, గాలి అటునుంచి వీచే రోజు చూసుకుని వెళ్ళారు. కిటికీ తెరవగానే గొంతులో గరగర. కొండ చరియ మీద ఒక అందమైన ఇల్లు చూశారు. దాని వెనక చెట్లన్నీ ఒకే వైపుకి ఒరిగి ఉన్నాయి. మట్టి కొద్దికొద్దిగా జారుతోందన్నమాట.

అమ్మేవాడిని కాదు, పక్కవాళ్ళని అడగాలన్నది భూతద్దం సూత్రం. కానీ ఆయన అడిగితే పక్కవాళ్ళు తలుపు సగమే తెరిచేవాళ్ళు. బన్ను ఒక రొట్టె చేతిలో పెట్టి పలకరిస్తే చాలు, లోపలికి పిలిచి, కుర్చీ వేసి, ఏ ఏడు నీళ్ళొచ్చాయో, ఏ బావి ఎండిపోయిందో, ఎవరి గోడ కూలిందో పూసగుచ్చినట్టు చెప్పేవాళ్ళు. ప్రశ్నలన్నీ తనవే, జవాబులన్నీ అతనికి! అది చూసి భూతద్దం పళ్ళు నూరుకునేవాడు. అలాగని ఆ తిరుగుడు మానలేదు. నిజం చెప్పాలంటే, ఎక్కడో వంక దొరికి బన్ను మొహం వాడిపోయిన ప్రతిసారీ ఆయన ఆ రోజు అన్నం తృప్తిగా తినేవాడు.

నర్సు ఇల్లు దొరికేదాకా అలాగే సాగింది.

ఆవిడ పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఒక్కతే ఉండలేక అక్క దగ్గరికి వెళ్ళిపోతూ ఇల్లు అమ్ముతోంది. కొంచెం మెరక మీద ఉన్న పాత ఇల్లు. పెద్దదేం కాదు. గోడల నిండా చిన్న చిన్న మరమ్మతులు, కానీ ఏదీ దాచిపెట్టిన మరమ్మతు కాదు. "ఈ పగులు నేనొచ్చినప్పటిదే, పెరగలేదు. ఆ మూల చూరు కారితే పోయినేడు మార్పించాను" అని ఆవిడే చూపించింది.

మరదలు కూడా ఆ రోజు వచ్చింది. నడవడం కష్టమై, వాకిట్లో బల్ల మీద కూర్చుంది. భూతద్దం లోపలికి వెళ్ళి వెతకడం మొదలుపెట్టాడు. పటంలో ఆ చోటు తెల్లగా ఉందని ముందే చూసుకున్నాడు. గోడల పాదాల దగ్గర చెమ్మ లేదు. వెనక గోడ నిటారుగా ఉంది. దాని వెంబడి తవ్విన కాలువ వాననీటిని వీధి వైపుకి తీసుకుపోయేలా ఉంది. చెట్లు నిటారుగా పెరిగాయి. ఎండ నడినెత్తిన ఉన్నా గదులు చల్లగా ఉన్నాయి. చుట్టుపక్కల నాలుగిళ్ళవాళ్ళూ ఎప్పుడూ ఏ ఇబ్బందీ రాలేదని ఒకే మాట చెప్పారు. ఎక్కడ వేలు పెట్టినా గట్టిగానే తగిలింది.

చివరికి తూర్పు వైపున్న చిన్న గదిలోకి వచ్చాడు. ఒక మంచం, ఒక బల్ల పట్టేంత గది. కిటికీలోంచి ఆకుల నీడ నేల మీద కదులుతోంది. పరదా వెనక, అలికిడి కాకుండా పేజీలు తిప్పుకునే కూతురు ఆయన కళ్ళ ముందు మెదిలింది. ఈ గది ఇంకా పుట్టని బిడ్డకు. పుట్టకముందే గది! మళ్ళీ మొదట్నుంచి వెతికాడు. చూరు, మెట్లు, నీళ్ళ తొట్టి, అన్నీ. ఒక్క వంక, ఒకే ఒక్క వంక దొరికితే బాగుండని అంత ఆశగా ఆయన జీవితంలో దేనికోసం వెతకలేదు.

దొరకలేదు.

బయటికి వచ్చేసరికి భార్యాభర్తలిద్దరూ పరీక్ష ఫలితం కోసం చూస్తున్న పిల్లల్లా తలెత్తి చూశారు. "ఏమంటారన్నయ్యా?" అన్నాడు బన్ను.

బాగుంది అనే మాట నాలుక దాకా వచ్చింది. అక్కడే ఇరుక్కుపోయింది.

"వెనక గోడ చూశావా తమ్ముడూ?" అన్నాడు భూతద్దం. "పై నుంచి నీళ్ళన్నీ దాని కిందికే దిగుతున్నాయి. పునాది లోలోపల నానిపోతోంది. ఇప్పుడు కనపడదు. నాలుగు గట్టి వానలు పడితే గోడ ఒరుగుతుంది."

బన్ను లేచి వెళ్ళి ఆ గోడ చూడనైనా లేదు. "మీరు చెప్పాక ఇంకేముంది" అని భార్య చెయ్యి పట్టుకుని లేపాడు. మరదలు గేటు దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. ఆ రాత్రి భూతద్దానికి అన్నం సయించలేదు. అలవాటు చొప్పున కడుపులో చల్లబడాల్సిన మంట అలాగే ఉండిపోయింది.

తర్వాతి ఆదివారం అందరూ అత్తగారింట్లో ఉన్నారు. ఆకాశం మూసుకొచ్చి ఉంది. మరదలు నడుము వెనక దిండు పెట్టుకుని కూర్చుని, ముందే నిర్ణయించుకొచ్చిన గొంతుతో మొదలుపెట్టింది.

"ఇక చాలు. తిరిగి తిరిగి కాళ్ళు పోయాయి. ప్రతి ఇంటికీ ఏదో ఒక వంకే. వంక లేని ఇల్లు లేదని తేలిపోయింది. ఆ కాలువ పక్క ఇల్లు ఇంకా అమ్ముడుపోలేదట. ధర ఇంకా తగ్గించాడట. అదే తీసుకుంటున్నాం."

"అది వద్దు" అన్నాడు భూతద్దం.

"ఏటా నీళ్ళు రావని పక్కింటావిడే చెప్పిందిగా? వచ్చినప్పుడు మేడ మీద ఉంటాం."

"బాలింతవు, పసిగుడ్డునేసుకుని మేడ మీద... వద్దమ్మాయ్, నా మాట విను."

"మీ మాట విన్నందుకే కదా ఇంకా పొయ్యి పక్కన పడుకుంటున్నాను!"

బన్ను కళ్ళు నలుపుకున్నాడు. అతను ఇంత అలిసిపోయి ఉండగా భూతద్దం ఎప్పుడూ చూడలేదు. "పోనీ మీరే చెప్పండన్నయ్యా. మనం చూసినవాటిలో అన్నిటికన్నా తక్కువ వంక ఉన్నది ఏది? మీరు ఏదంటే అది. రేపే మాటిచ్చేస్తాను."

అతని చూపులో అనుమానం పిసరంతైనా లేదు. అదే భరించలేకపోయాడు భూతద్దం. తిట్టినా బాగుండేది.

"నర్సుగారి ఇల్లు."

"దానికి పునాది నానుతోందన్నారుగా?"

"నానటం లేదు."

"అంటే?"

"దానికి ఏ వంకా లేదు. ఎంత వెతికినా దొరకలేదు. అబద్ధం చెప్పాను."

"ఎందుకు?" అన్నాడు బన్ను. అతనికి నిజంగానే అర్థం కాలేదు.

"కుళ్ళు" అన్నాడు భూతద్దం. నేల చూపులు చూస్తూ, "నీకు అంత మంచిది దొరుకుతుంటే చూడలేకపోయాను. ఆ చిన్న గది చూసి... ఓర్చుకోలేకపోయాను" అన్నాడు.

భార్య లేచి వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు వినపడింది, ఆపిన చప్పుడు వినపడలేదు. మరదలు నోరు తెరిచింది గానీ, బన్ను చెయ్యెత్తి ఆపాడు. అతను అరవలేదు. మొహంలోని మెత్తదనం మాత్రం ఎవరో తుడిచేసినట్టు పోయింది.

"ఆవిడ నంబరు నాకు పంపించండి" అన్నాడు. అన్నయ్యా అనలేదు.

నర్సుకు అప్పటికే ఇంకొకరు కబురు చేశారు. వాళ్ళు మర్నాడు వస్తామన్నారు. బన్ను ఆ సాయంత్రమే వెళ్ళాడు. ఈసారి వెంట తీసుకెళ్ళింది ఒక ఇంజనీర్ని. ఆయన వెనక గోడ, పునాది, చూరు అన్నీ చూసి, నిశ్చింతగా తీసుకోమన్నాడు. వానలు ముదరకముందే వాళ్ళు ఆ ఇంట్లోకి మారిపోయారు. సామాన్లు మోయడానికి బేకరీ కుర్రాళ్ళు, అత్తగారి చుట్టాలు అందరూ వెళ్ళారు. భూతద్దాన్ని ఎవరూ పిలవలేదు. చిన్న గదికి లేత పసుపు రంగు వేశారని భార్య చెప్పగా విన్నాడు. వినగానే మళ్ళీ చురుక్కుమంది. ఇంత జరిగాక కూడా మంట చావలేదని తన మీద తనకే అసహ్యమేసింది.

భార్య కొన్నాళ్ళు ముభావంగా ఉంది. ఒక పొద్దున చొక్కాలు మడతపెడుతూ అంది: "కాలువ పక్క ఇంట్లో ఎవరో దిగారట. కొనేవాళ్ళు దొరక్క అద్దెకిచ్చారట."

"ఎవరట?"

"ఎవరో. వాళ్ళకి చెప్పారా?"

"నాకు వాళ్ళెవరో కూడా తెలియదు."

"తెలియకపోతే చెప్పక్కర్లేదా? మీకు కుళ్ళు పుట్టినవాళ్ళ ఇంటికే భూతద్దం పెడతారా?"

ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటున్నవాడు ఆగిపోయాడు. అంత వెతికాడు, అంత తెలుసుకున్నాడు. అదంతా ఒక్క మనిషి మీది ఏడుపుతోనే. ఆ ఇంట్లోకి వేరెవరో రావచ్చన్న ఆలోచన ఒక్కసారైనా రాలేదు.

ఆ రోజు దుకాణం తెరవకుండా అటే వెళ్ళాడు. తలుపు తీసినవాడు వయొలిన్లు బాగుచేసే మనిషి. నిలువెత్తు కిటికీల వెలుతురు కోసమే ఆ ఇల్లు తీసుకున్నాడట. ముందు గది నిండా నేల మీద, బల్లల కింద వయొలిన్లు, విప్పిన చెక్కలు, తీగల చుట్టలు. లోపల కుర్చీలో అతని తల్లి ఉంది.

కుళ్ళు లేకుండా చెప్పడం ఇంత కష్టమని భూతద్దానికి తెలియదు. మాటలు తడబడ్డాయి. ప్లగ్గులు చూపించాడు, గోడ మీద కొట్టి వినిపించాడు. పటం తీసిచ్చాడు.

అతను అనుమానంగా చూశాడు. "అద్దె ముందే కట్టేశాం. ఇప్పుడు మీరొచ్చి ఇదంతా చెబుతున్నారు. మీకేమిటి లాభం?"

"ఏమీ లేదండీ."

"ఏమీ లేకపోతే ఎవరైనా పని మానుకుని వస్తారా?"

లోపల్నుంచి తల్లి అందుకుంది. "ఒరేయ్, వచ్చిన రోజే అడిగాను కదరా, ప్లగ్గులు చెట్టుకొమ్మల్లా అంత ఎత్తున ఎందుకున్నాయని! ఆయన్ని కూర్చోబెట్టు ముందు."

వెంటనే వేరే ఇల్లు చూసుకునే వీలు వాళ్ళకు లేదు. వయొలిన్లన్నీ పైకి చేర్చడం మాత్రం వీలైంది. భూతద్దం సాయంత్రం దాకా ఉండి, ఒక్కొక్కటే గుండెకు హత్తుకుని మెట్లెక్కించాడు. పెద్దావిడ మంచం కూడా పైకి చేర్చారు. వానొస్తే ముందు ఎటు వెళ్ళాలో, ఎవరికి ఫోన్ చెయ్యాలో పక్కింటావిడను అడిగి కనుక్కున్నారు.

వాన ఆ నెలాఖరులోనే వచ్చింది. ఒక్క పూటలో కాలువ వీధిలోకి వచ్చేసింది. పలకలు దించుకున్నవాళ్ళ ఇళ్ళలోకీ వచ్చింది, దించుకోనివాళ్ళ ఇళ్ళలోకీ వచ్చింది. వయొలిన్లాయన, తల్లి మేడ మీదే ఉండిపోయారు. కింద నీళ్ళు ప్లగ్గుల అంచు దాకా వచ్చి ఆగాయి.

నీళ్ళు తగ్గిన మర్నాడు భూతద్దం పార తీసుకుని వెళ్ళాడు. వీధంతా బురద, తడిసిన పరుపులు, తలుపులు ఊడిన బీరువాలు. వయొలిన్లాయన ఇంట్లో పొద్దున్నుంచీ బురద ఎత్తిపోశాడు. మోకాళ్ళ దాకా మట్టి, నడుము విరిగిపోతోంది. పెద్దావిడ మెట్ల మీద కూర్చుని ప్రతి తట్టకూ "చల్లగా ఉండు నాయనా" అంటోంది. చాలా ఏళ్ళకు ఆయనకు తను పనికొచ్చే మనిషిననిపించింది. ఆ మాట ఇంకాస్త గట్టిగా, పక్కిళ్ళవాళ్ళకు వినపడేలా అంటే బాగుండునని కూడా అనిపించింది.

అప్పుడు వీధి మొదట్లో బేకరీ వ్యాను ఆగింది. బన్ను దిగి, వెనక తలుపులు తెరిచాడు. వేడి రొట్టెల వాసన బురద కంపును తోసేసుకుని వచ్చింది. జనం పారలు వదిలేసి అటు పరుగెత్తారు. "ఎంత మంచి మనసయ్యా", "నీ చేతికి మొక్కాలి" అంటున్నారు. పక్కింటి స్కూటర్ ఆవిడైతే అతని రెండు చేతులూ పట్టేసుకుంది. పొద్దుటినుంచి బురద మోసిన మనిషి ఎవరికీ గుర్తులేడు. భూతద్దం కడుపులో మంట భగ్గుమంది. పాత మంటే, ఏమాత్రం తగ్గలేదు.

బన్ను ఇంటింటికీ పంచుకుంటూ ఈ వాకిట్లోకి వచ్చి, ఆయన్ని చూసి ఆగాడు. ఆ ఆదివారం తర్వాత ఇద్దరూ ఎదురుపడటం అదే మొదలు.

"మీరెప్పుడొచ్చారు?" అన్నాడు.

"పొద్దున."

బన్ను ఇంటిని చూశాడు, గోడ మీది నీటి గీతను చూశాడు. కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. తన భార్య, బిడ్డ ఈ ఇంట్లో ఉండాల్సినవాళ్ళే. ఒక రొట్టె తీసి ఇచ్చాడు.

"ఆడపిల్ల పుట్టింది, తెలిసిందా?"

"మీ అక్క చెప్పింది."

మీ వదిన అనబోయి మీ అక్క అన్నానని ఆయనకు తర్వాత తెలిసింది గానీ, బన్ను దిద్దలేదు. "మా ఆవిడ ఇంకా మీ పేరెత్తితే లేచెళ్ళిపోతోంది. కొన్నాళ్ళు పోనివ్వండి" అని, వ్యాను వైపు నడిచాడు. నాలుగడుగులు వేశాక మళ్ళీ తిరిగి, "బీరువా ఒక్కరే ఎత్తకండి. ఇవి పంచేసి వస్తాను" అన్నాడు.

"ఆ అబ్బాయి మీ తమ్ముడా?" అని పెద్దావిడ మెట్ల మీంచి అడిగింది. "బంగారంలాంటివాడు. అదృష్టవంతులు మీరు."

భూతద్దానికి ఆ మాట గొంతు దిగడానికి కొంచెం సేపు పట్టింది.

"అవునండీ" అన్నాడు. రొట్టెను కిటికీ గట్టు మీద పొడిగా ఉన్నచోట పెట్టి, పార అందుకుని, అతను వచ్చేలోపు బీరువా చుట్టూ ఉన్న బురద తోడెయ్యడం మొదలుపెట్టాడు.